మూరెడు లోతున మొదలయ్యే కరువు

మట్టిలో తడి ఎంతుందో కొలవడం నా వృత్తి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ల చేలల్లోనే నా సర్వీసంతా గడిచింది. మొదట్లో భూసార పరీక్షల కోసం మట్టి నమూనాలు తీసేవాణ్ణి. తర్వాత పంట పొలాల్లో తేమను లోతులవారీగా కొలిచే పరిశోధన పనుల్లోకి మారాను. వాన ఎంత పడిందో చెప్పడానికి మండలాల్లో వర్షమాపకాలున్నాయి. నాగార్జునసాగర్‌లో నీటిమట్టం ఎన్ని అడుగులుందో పేపర్లో రోజూ వస్తుంది. పడిన వానలో, వదిలిన నీళ్లలో పంట వేరుకు అందింది ఎంత అంటే మాత్రం జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఆ జవాబు లేకుండా కరువును అంచనా వేయలేమని నా పని నాకు నేర్పింది. కరువు మబ్బుల్లో మొదలైనా పంటను చంపేది మట్టిలోనే. అది కూడా పైకి కనిపించని చోట, మూరెడు లోతున.

ముందు ఈ పని ఎలా ఉంటుందో చెప్పాలి. చేనులోకి వెళ్లాక గట్టు పక్కన, చెట్టు నీడన, నీళ్ల కాలువ పొంటి, ఎరువు కుప్ప పోసిన చోట నమూనా తీయం. చేను మొత్తానికి ప్రతినిధిగా నిలిచే చోట్లు ఎంచుకుంటాం. పైన చెత్త తీసేసి, మట్టి తొలిచే ఆగర్‌ను నిలువుగా పెట్టి తిప్పుతూ దింపుతాం. మొదటి 15 సెంటీమీటర్ల మట్టి ఒక డబ్బీలోకి, 15 నుంచి 30 దాకా మరో డబ్బీలోకి, ఆ కిందవి మరో రెంటిలోకి పోతాయి. అల్యూమినియం డబ్బీలవి. ప్రతి దానికీ నంబరు, మూతకూ అదే నంబరు. మట్టి వేయగానే మూత బిగించి నీడలో పెట్టాలి. ఎండలో కాసేపు ఉంచినా అంకె మారిపోతుంది. అదే రోజు తూకం వేసి, మూత తీసి, 105 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో ఒక పగలు, ఒక రాత్రి ఉంచుతాం. మర్నాడు మళ్లీ తూకం. తగ్గిన బరువే ఆ మట్టిలో ఉన్న నీరు.

ఉదాహరణకు డబ్బీ బరువు పోను తడి మట్టి 120 గ్రాములు ఉండి, ఆరాక 110 గ్రాములైతే, 110 గ్రాముల పొడి మట్టిలో 10 గ్రాముల నీరు ఉన్నట్టు. అంటే సుమారు 9 శాతం. మట్టి సాంద్రతతో లెక్కగడితే పై 15 సెంటీమీటర్లలో దాదాపు 20 మిల్లీమీటర్ల నీరు. ఎకరం విస్తీర్ణంలో ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4 వేల లీటర్లు. ఆ 20 మిల్లీమీటర్లూ ఎకరానికి 80 వేల లీటర్లవుతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో పోయాలంటే పదహారు ట్యాంకర్లు కావాలి. ఈ లెక్క చెప్పినప్పుడు రైతులు ఒక్క క్షణం ఆగి తమ చేను వంక చూస్తారు. కాళ్ల కింద ఎంత నీళ్లు దాగి ఉంటాయో, అవి పోతే ఎంత పోయినట్టో అప్పుడు తెలుస్తుంది.

మూడు పట్టణాలు ఒకదానికొకటి యాభై అరవై కిలోమీటర్ల లోపే ఉన్నా నేలలు వేరు. సూర్యాపేట చుట్టూ ఆత్మకూర్, చివ్వెంల, మోతె, తుంగతుర్తి వైపు ఎక్కువగా ఎర్ర చల్కలు, దుబ్బ నేలలు. మూరెడు దిగేసరికి ఆగర్ గరుసుకు తగిలి కీచుమంటుంది. ఎండాకాలంలోనైతే ఒక్క నమూనాకు చేతులు బొబ్బలెక్కుతాయి. కోదాడ నుంచి హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు పోతే అడుగున సున్నపురాయి. ఆ రాయి మీదే సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. అక్కడ ఎర్ర నేలల నడుమ నల్లరేగడి పట్టీలు వస్తాయి. మిర్యాలగూడ, వేములపల్లి, త్రిపురారం వైపు సాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాలు. తడి రేగడి ఆగర్‌కు బంకలా అతుక్కుంటుంది, కత్తితో గీకి తీయాలి. అదే రేగడి ఎండితే చెయ్యి మోచేయి దాకా దిగేటంత నెర్రెలిస్తుంది.

నేల తేడా అంటే నీళ్లను దాచుకునే శక్తిలో తేడా. చల్కా నేల మీటరు లోతుకు పంటకు అందే నీటిని స్థూలంగా 80 మిల్లీమీటర్ల దాకా పట్టుకుంటుంది. ఇక్కడ గరుసుకు పైన వేరు దిగగలిగేది మూరెడు, అంటే 45 సెంటీమీటర్లు. లెక్కవేస్తే 36 మిల్లీమీటర్లు. ఏపుగా ఎదిగిన పత్తి, మొక్కజొన్న రోజుకు 5 మిల్లీమీటర్లు తాగుతాయి. చేను నిండా వాన పడి ఆగిపోయినా ఏడు రోజులకు ఆ నిల్వ ఖాళీ. అందులో సగం అయిపోగానే ఆకు మధ్యాహ్నం వాడడం మొదలవుతుంది, అది నాలుగో రోజే. లోతైన రేగడి మీటరుకు 180 మిల్లీమీటర్ల దాకా పట్టుకుంటుంది. అదే పంట, అదే ఎండ అయినా నెల పైన ఓపుతుంది. కాబట్టి రెండు వారాలు వాన లేదన్న వార్త రెండు నేలల్లో రెండు రకాలుగా దిగుతుంది. రేగడి రైతుకు అది ఆందోళన. చల్కా రైతుకు అప్పటికే నష్టం.

పాత తరం రైతులకు ఈ సంగతి అంకెలతో పని లేకుండానే తెలుసు. మోతె దగ్గర ఒక ఊళ్లో తొలకరికి నేను నమూనాలు తీస్తుంటే ఆ చేను పెద్దామె వచ్చి పక్కన కూర్చుంది. ఆగర్ బయటికి తీసిన మట్టిని రెండు లోతుల నుంచి చెరో పిడికెడు తీసుకుంది. పైది నొక్కితే ముద్ద కట్టింది, వేలితో తాకితే రెండు ముక్కలైంది. కిందిది ముద్ద కట్టకుండానే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

“పత్తి గింజ పెడ్తరా అమ్మా?” అనడిగాను.

“పెట్ట బిడ్డా. పైన తడి, కింద పొడి. ఇయ్యాల మొలుస్తది, వారానికి మాడుతది. గింజల పైసలు ఎవడిస్తడు? ఇంకో వాన పడనీ, తడి తడి కలువనీ.”

మర్నాడు ఓవెన్‌లోంచి తీసి తూకం వేస్తే ఆమె చెప్పిందే అంకెల్లో కనిపించింది. పై పొరలో చాలినంత తడి ఉంది. కింది పొర ఎండాకాలం నాటి పొడిదనంతోనే ఉంది. తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి విత్తుకోవాలని వ్యవసాయ శాఖ ఏటా చెప్పే సలహాకు అర్థం ఇదే. పై తడి, అడుగు తడి కలిసేదాకా ఆగమని. మృగశిర కార్తెలో ఒక మంచి వాన పడగానే విత్తనాల షాపుల ముందు బారులు తీరే చోట ఈ ఒక్క మాట ఎన్ని కుటుంబాలను రెండోసారి గింజలు కొనే ఖర్చు నుంచి కాపాడుతుందో చెప్పలేను.

ఇప్పుడు కాలం లెక్కలోకి వస్తాను. ఉమ్మడి నల్లగొండ జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్లు. ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. నేను చూసిన, పెద్దలు చెప్పిన పెద్ద కరువులు 1972, 1987, 2002 నుంచి 2004 దాకా, 2009, 2014-15. ఏడాది మొత్తం చూస్తే వాన ఒకసారి తగ్గుతుంది, మరోసారి పెరుగుతుంది. పట్టికలో పెట్టుకుని చూస్తే గాబరాపడాల్సినంత మార్పు లేదనిపిస్తుంది. వారాలవారీగా చూస్తేనే మార్పు తెలుస్తుంది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన వాతావరణ మార్పుల నివేదిక ప్రకారం 1951-80 మధ్య కాలంతో పోలిస్తే 1981-2011 మధ్య దేశంలో వానాకాలపు బెట్ట విడతలు 27 శాతం ఎక్కువయ్యాయి. 1901-2018 మధ్య సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగలిగే ఆవిరి 7 శాతం పెరుగుతుంది. అంటే వాన లేని రోజుల్లో మట్టి నుంచి, ఆకు నుంచి గాలి మరింత తడిని లాగేస్తుంది. వానకూ వానకూ మధ్య ఎడం పెరిగింది, ఆ ఎడంలో నేల ఆరిపోయే వేగమూ పెరిగింది. వారం ఓర్చే చల్కాకు ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2023 దీనికి కళ్లెదుటి సాక్ష్యం. జులై చివర్లో తెలంగాణలో కుండపోత. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తానికి 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టుగా రికార్డైంది. ఆ నెలలో నేను సూర్యాపేట వైపు తీసిన నమూనాల్లో పై 15 సెంటీమీటర్ల మట్టి పిండిలా రాలింది. పత్తి పూత, గూడ రాలింది. సీజను చివర్లో లెక్కలు తీస్తే వర్షపాతం పర్వాలేదని రాసుకున్న చోట్ల కూడా చేను మాత్రం ఆ మూడు నాలుగు వారాల దెబ్బ నుంచి తేరుకోలేదు.

2024 సెప్టెంబరు మొదటి తేదీ దీనికి పూర్తిగా ఎదురు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు కనీవినీ ఎరుగని వాన. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఊళ్లు మునిగాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది. కాలువ తెగడంతో ఆ గండి పూడ్చేదాకా దిగువన ఉన్న వరికి నీళ్లు ఆగిపోయాయి. పైన వరద, దిగువన నీటి ఎద్దడి, రెండూ ఒకే వారంలో. వరదకు కొట్టుకుపోయిన పై మట్టి సంగతి చాలామంది మరిచిపోతారు. తడిని పట్టుకునేది ఆ పై మట్టే. అది పోయిన చేను మరుసటి ఏడాది అదే వానకు అంత తడి నిల్వ చేసుకోలేదు. వరద మిగిల్చిన కరువు అలా నెమ్మదిగా బయటపడుతుంది.

కాలువ గురించి మాట్లాడకుండా ఈ ప్రాంతంలో నేల తడి గురించి మాట్లాడలేం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. జొన్న, సజ్జ తిన్న ఊళ్లు వరి అన్నం తిన్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణంగా ఎదిగింది. సాగర్ నీళ్లు రావడానికి నాలుగేళ్ల ముందే సూర్యాపేట దగ్గర సోలిపేటలో మూసీ ప్రాజెక్టు పూర్తయింది. 2019 తర్వాత గోదావరి నీళ్లు కాకతీయ కాలువ మీదుగా సూర్యాపేట మెట్ట ఊళ్ల దాకా వచ్చాయి. ఈ నీళ్లతో లక్షల ఎకరాలు పండాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మా ఊళ్లలో పిల్లలు చదువుకున్నది ఆ వడ్ల డబ్బుతోనే.

అయితే కాలువ నీరు నేల శక్తిని కనపడకుండా కప్పేస్తుంది. తూము తెరిచి ఉన్నంత కాలం చల్కాకు, రేగడికి తేడా తెలియదు, రెండింట్లోనూ వరి పచ్చగా నిలబడుతుంది. తూము మూసిన రోజు నుంచి అసలు నేల బయటికి వస్తుంది. 2015 వానాకాలంలో సాగర్ ఆయకట్టుకు సాగునీరు వదలలేదు. 2023-24లో కృష్ణకు వరద లేక సాగర్ నిండలేదు, యాసంగి వరికి కాలువ నీళ్లు లేవు. 2024 ఎండాకాలంలో సూర్యాపేట మెట్ట మండలాల్లో కాలువ నీళ్ల మీద ఆశతో నాటిన వరి పొట్ట దశలో ఎండింది. పశువులను ఆ పొలాల్లోకి తోలారు. వరుసగా నీళ్లు వచ్చిన ఊళ్లో ఒక ఏడాది ఆగితే జరిగే నష్టం, ఎప్పుడూ నీళ్లు చూడని ఊళ్లో నష్టం కంటే పెద్దదిగా ఉంటుంది. ఎందుకంటే పెట్టుబడి పెద్దది.

కరువు ముప్పు పెరగడంలో వాన వాటా కొంతే, మనం వేసే పంట వాటా ఎక్కువ. ఒకప్పుడు సూర్యాపేట చల్కల్లో జొన్న, కంది, పెసర, ఆముదం. రెండు మూడు వారాలు వాన రాకపోతే ఇవి ముడుచుకుని ఓర్చుకునేవి, పడ్డాక మళ్లీ లేచేవి. పోయినా గింజ ఇంట్లోదే, ఎరువు పెంటకుప్పదే. ఇప్పుడు అవే చేలల్లో బోరు కింద వరి, వానకు పత్తి. వరికి సీజన్‌కు వెయ్యి మిల్లీమీటర్ల పైన నీళ్లు కావాలి. పొలంలో తడి లేకుంటే అది వారం కూడా ఆగదు. ఏడాది మొత్తానికి 750 మిల్లీమీటర్లు కురిసే చోట, మూరెడు లోతున్న నేలలో ఈ పంట వేశామంటే మిగతా నీళ్లన్నీ కింది నుంచి తోడాలి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టిన బోరు దానంతటదే నడుస్తుంది. నీళ్లు గుంజినంతసేపూ గుంజి, ఎత్తిపోయి, మళ్లీ ఊరాక పోస్తుంది. పదేళ్ల కిందట వేసిన బోరు పక్కనే మరో బోరు, దాని పక్కన ఇంకోటి. 2002-04 కరువులో ఈ జిల్లా బత్తాయి తోటలకు ట్యాంకర్లతో నీళ్లు పోసి, చివరికి చెట్లు నరికేసిన రైతులను నేను చూశాను. పెట్టుబడి పెద్దదై, నీటికి ఒకే ఆధారం ఉంటే ఏమవుతుందో ఆ తోటలే చెప్పాయి.

నేలలోనూ మార్పు వచ్చింది. ఏళ్ల తరబడి దమ్ము చేసిన వరి పొలంలో ఆగర్ దింపితే జానెడు కింద ఒక గట్టి పొర తగులుతుంది. వరికి అది మేలే, నీళ్లు ఇంకిపోకుండా నిలుస్తాయి. నీళ్లు లేక అదే పొలంలో మినుములో, మొక్కజొన్నో వేస్తే వేరు ఆ పొర దగ్గరే ఆగిపోతుంది. కింద తడి ఉన్నా అందదు. మెట్టలోనూ ఏటా రోటవేటర్‌తో పైపైన దున్ని వదిలేస్తే అదే తీరు. పశువులు తగ్గాక పెంట ఎరువు చేలకు చేరడం తగ్గింది. సేంద్రియ పదార్థం తగ్గిన మట్టి వానను పీల్చుకోదు, పైనే పెచ్చు కట్టి వాన నీటిని వాగులోకి పంపేస్తుంది. ఒకే వాన పడిన రెండు చేలలో, పెంట పోసిన చేను తడి ఎక్కువ రోజులు నిలుపుకోవడం నా డబ్బీల్లో పదేపదే చూశాను.

చివరి పదేళ్లలో నా పనికి ఆకాశం నుంచి తోడు వచ్చింది. నేల తడిని కొలిచే యూరప్ వాళ్ల స్మాస్ ఉపగ్రహం 2009 నవంబరులో, అమెరికా వాళ్ల స్మాప్ 2015 జనవరి 31న పైకి వెళ్లాయి. మన ఇస్రో 2022 ఫిబ్రవరి 14న ఈవోఎస్-04ను, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నాసాతో కలిసి నిసార్‌ను పంపింది. 1978 నుంచి వచ్చిన పాత ఉపగ్రహాల సమాచారాన్ని కూడా కలిపి ప్రపంచమంతటికీ నేల తడి చరిత్రను యూరప్ అంతరిక్ష సంస్థ తయారుచేసింది. ఉపగ్రహం చెప్పిన అంకె నిజమో కాదో నేల మీద సరిచూడాలి. స్మాప్ స్థానిక సమయం ఉదయం 6, సాయంత్రం 6 ప్రాంతంలో దాటుతుంది. అందుకే తెల్లవారక ముందే మోటార్ సైకిల్ మీద డబ్బీల పెట్టె కట్టుకుని బయలుదేరే ఉద్యోగం నాది. మనం చేసే ఈ చిన్న పని మీద అంత పెద్ద లెక్క నిలబడుతుందంటే గర్వంగానే ఉండేది.

ఉపగ్రహానికి రెండు పరిమితులున్నాయి, రైతుకు ఈ రెండూ తెలియాలి. మొదటిది, మైక్రోవేవ్ కిరణం చూసేది పై 5 సెంటీమీటర్ల తడినే. ఒక జల్లు పడితే చిత్రంలో నేల తడిగా కనిపిస్తుంది, మూరెడు లోతున వేరు ఎండుతూ ఉండవచ్చు. రెండోది, స్మాప్ అసలు కొలత సుమారు 36 కిలోమీటర్ల చదరానిది. సూర్యాపేట నుంచి కోదాడకు జాతీయ రహదారి మీద నలభై కిలోమీటర్లకు కాస్త పైన. అంటే ఒక్క చదరంలో కాలువ కింది నీళ్లు నిలిచిన వరి మడి, దాని పైన గుట్ట వాలులోని చల్కా చేను రెండూ పడతాయి. నీళ్లు నిలిచిన మడి సగటును పైకి లాగుతుంది. చల్కా కరువు ఆ సగటులో మునిగిపోతుంది. సాగునీరు పెరిగిన చోట దీర్ఘకాలపు లెక్కలో ‘తడి పెరిగింది’ అని రావచ్చు. అది అబద్ధం కాదు, కానీ తడి ఎవరి చేనులో పెరిగిందో ఆ లెక్క చెప్పదు. నిసార్ లాంటి కొత్త ఉపగ్రహాలు చిన్న ముక్కలుగా చూడగలవు. అప్పుడైనా లోతు లెక్కకు ఆగర్ కావాల్సిందే.

కరువు ప్రకటన దగ్గరా ఇదే చిక్కు. కేంద్రం 2016లో సవరించిన కరువు నిర్వహణ మాన్యువల్‌లో వర్షపాతంతో పాటు బెట్ట విడతలు, పంట విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనం, చెరువులు-భూగర్భ జలాలు, నేల తేమ అన్నీ సూచికలే. నేల తేమకు చోటివ్వడం మంచి అడుగు. అయితే ఆ తేమ ఎక్కువగా వాన, ఆవిరి లెక్కల నుంచి కట్టినదే, తవ్వి చూసినది కాదు. మా దగ్గర ప్రకటన మండలం యూనిట్‌గా జరుగుతుంది. ఒకే మండలంలో సాగర్ ఎడమ కాలువ ముక్త్యాల బ్రాంచి మీది ఊరు, కాలువ ఎక్కని ఊరు ఉంటాయి. సగటు బాగుంటే కాలువ ఎక్కని ఊరికి సాయం రాదు. ఒక ఏడాది ఒక గిరిజన తండా పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, “సార్, మీరు మా చేన్ల మట్టి కాల్చి చూసిన్రు గదా, ఆ కాయితం ఇయ్యుండ్రి, ఆఫీసుల చూపెడ్త” అని అడిగాడు. ఆ అంకెలు పరిశోధనకు తప్ప పరిహారానికి పనికిరావని చెప్పాల్సి వచ్చింది. న్యాయంగా అతను అడిగిందే సరైనది.

దీర్ఘకాలపు మార్పు తెలియాలంటే దీర్ఘకాలపు రికార్డు ఉండాలి. నాకన్నా ముందువాళ్లు చేతితో రాసిన తేమ రిజిస్టర్లు ఒక కార్యాలయంలో ఉండేవి. ఊరు, సర్వే నంబరు, తేదీ, లోతు, పంట, అన్నీ చక్కటి చేతిరాతలో. ఆఫీసు మారేటప్పుడు వాటిని పాత కాగితాల కింద తూకానికి అమ్మేశారు. ముప్పై ఏళ్ల కిందట అదే చేనులో ఆశ్లేష కార్తెలో ఎంత తడి ఉండేదో ఇప్పుడు ఏ ఉపగ్రహమూ వెనక్కి వెళ్లి కొలవలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

రైతులు కొలవలేరని అనుకునేవాళ్లకు ఈ జిల్లాయే జవాబు. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు జిల్లాల్లో రైతులే వాననూ, బావుల నీటిమట్టాన్నీ కొలిచి, ఊళ్లో గోడ మీద రాసి, ఆ లెక్క చూసి యాసంగి పంట నిర్ణయించుకున్న కార్యక్రమం నడిచింది. నల్లగొండ ఆ ఏడింట్లో ఒకటి. పెద్ద చదువులు లేని మగవాళ్లు, ఆడవాళ్లు టేపు దింపి నీటిమట్టం చూసి రాశారు. నీళ్ల మట్టం కొలిచినవాళ్లకు మట్టి తడి కొలవడం కష్టం కాదు.

చేతిలో ఉన్న ఉపాయాలూ తక్కువేం కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు పూడిక మట్టిని చల్కలకు తోలుకున్న రైతులున్నారు. బంకమట్టి కలిసిన ఆ చల్కా, పక్క చేనుకన్నా కొన్ని రోజులు ఎక్కువ ఓపుతుంది. కొన్ని రోజులే. కానీ బెట్టలో పంట దక్కడానికీ పోవడానికీ మధ్య ఉండేది ఆ కొన్ని రోజులే. వరికి నీళ్లు నిలబెట్టక్కరలేదని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన పద్ధతి ఒకటుంది. అడుగు పొడవు పైపుకు కింది సగాన రంధ్రాలు వేసి మడిలో పాతాలి. లోపల నీరు నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి. పూత దశలో మాత్రం నీరు ఆరనివ్వకూడదు. వజీరాబాద్ మేజర్ కాలువ చివర ఉన్న ఒక రైతు మొదటిసారి ఆ పైపులోకి తొంగిచూసి, “పైన ఎండిందనుకున్న, లోపట నీళ్లు మెరుస్తున్నయి గదా సార్” అన్నాడు. ఆ సీజన్ నుంచి అతని మోటరు రోజూ నడవడం మానింది. గడ్డిపల్లి, కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఇలాంటివి ఊరూరా చూపించడానికి మనుషులు, చోటు రెండూ మనకున్నాయి.

ఉద్యోగం ముగింపుకు వచ్చిన మనిషిగా నేను అడిగేది ఒక్కటే. ప్రతి మండలంలో కాలువ కింద ఒక చేను, కాలువ ఎక్కని చల్కలో ఒక చేను, రేగడి ఉంటే అందులో ఒకటి శాశ్వతంగా ఎంచుకోండి. రెండు కార్తెలకోసారి మూరెడు లోతు దాకా తడి కొలిచి, అంకెను గ్రామ పంచాయతీ గోడ మీద రాయండి. అదే అంకెను కరువు ప్రకటన ఫైలులోనూ పెట్టండి. కొలిచేది ఊరి పిల్లలే కావచ్చు. ఒక ఆగర్, ఒక తక్కెడ, ఒక ఓవెన్, పదేళ్లు చినగని రిజిస్టరు చాలు. యాసంగిలో వరి వేయాలా, ఆరుతడి పంట వేయాలా, అసలు విత్తాలా ఆగాలా అన్న నిర్ణయం రైతు తన డబ్బుతో, తన బతుకుతో తీసుకుంటున్నాడు. ఆ నిర్ణయానికి అవసరమైన అంకెను అతని ఊళ్లోనే, అతని చేతికే ఇవ్వడం మన బాధ్యత. సాగర్‌లో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో తెలిసిన ప్రతి రైతుకూ తన చేనులో మూరెడు లోతున ఎంత తడి ఉందో కూడా తెలియాలి. అది జరిగిన ఊళ్లలో కరువు రాదని నేను చెప్పను. అది వచ్చే సంగతి మాత్రం పంట ఎండకముందే తెలుస్తుంది.